పబ్ వెనక నిలిపిన బండి

ముందు మా తాత చూపుడువేలు గురించి చెప్పాలి. మిగతా తాత సంగతి తర్వాత చూద్దాం.

మా ఊరు టర్రాబీన్ చుట్టుపక్కల రోడ్ల మీద ఎదురుగా బండి వస్తే స్టీరింగ్ మీద నుంచి చూపుడువేలు ఒక్కటి లేపాలి. చెయ్యంతా ఊపితే పట్నం మనిషివనుకుంటారు. అసలు లేపకపోతే ఏదో మనసులో పెట్టుకున్నావనుకుంటారు. మా తాత ఆల్బీ స్కీన్ వేలు అందరికీ లేచేది. గోధుమ లారీలకి లేచేది, స్కూలు బస్సుకి లేచేది, దారి తప్పి వచ్చిన టూరిస్టులకి లేచేది. ఒకసారి తనకి జరిమానా రాసి వెళ్ళిపోతున్న పోలీసుకి కూడా లేచింది. "వాడి పని వాడు చేశాడు, నా వేలి పని అది చేసింది" అన్నాడు తాత. "ఈయన పోయాక శవపేటికకి మేకులు గట్టిగా కొట్టండి, లేకపోతే ఆ వేలు మూత తోసుకుని బయటికొస్తుంది" అనేది అమ్మమ్మ ఐలీన్.

పదో తరగతి తర్వాత బడికీ నాకూ పొసగలేదు. అమ్మ నన్ను తాత పొలానికి తోలేసింది. గొర్రెలకి మేత వెయ్యడం, కంచెలు బాగుచెయ్యడం, తాత పక్కన కూర్చుని ఆయన వేలు లేచినప్పుడల్లా అది ఎవరి బండో నేర్చుకోవడం, ఇదే నా పైచదువు.

తాత ఊరి అగ్నిమాపక దళానికి కెప్టెన్. మా దళంలో జీతగాళ్ళెవరూ లేరు. సైరన్ మోగితే పొలాల్లో ఉన్నవాళ్ళు చేతిలో పని అక్కడే వదిలేసి ఫైర్ ఇంజన్ దగ్గరికి పరిగెత్తాలి. మా అమ్మ బడికెళ్ళే రోజుల నుంచీ కెప్టెన్ తాతే. ఇంట్లో ఆయన మాట చెల్లని చోట్లు చాలా ఉన్నాయి గానీ, మంట ముందు మాత్రం ఆయన "వెనక్కి" అంటే అందరూ వెనక్కే.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో లెస్ టూహీ పొలంలో మంటలు లేచాయి. లెస్ తాతకి చిన్ననాటి నుంచీ స్నేహితుడు, దళంలో తాత తర్వాతి మనిషి. ఇంజన్ మీద ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. గాలి ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. ఇంకా ముందుకెళితే మనుషులు చిక్కుకుంటారని తాత "వెనక్కి" అన్నాడు. మనుషులందరూ బతికారు. లెస్ గొర్రెల మంద మాత్రం కంచె మూలకి చిక్కి కాలిపోయింది. తెల్లారి చూస్తే సగం ప్రాణంతో నిలబడ్డవి చాలా ఉన్నాయి. వాటిని తుపాకీతో కాల్చి బాధ తీర్చాలి. లెస్ తుపాకీ తీశాడు, మళ్ళీ పెట్టేశాడు. "నావల్ల కాదు ఆల్బీ, నువ్వే కానిచ్చెయ్" అన్నాడు. తాత ఒక్కడే వెళ్ళాడు. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, చల్లారిన మాంసం ముక్కలు తిని, "చేయాల్సింది చేశాను" అన్నాడు. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు.

వేలు ఆగింది ఆ వారంలోనే. అమ్మమ్మ పక్కన కూర్చునుంది. ఎదురుగా లెస్ బండి వచ్చింది. లెస్ వేలు లేపాడు. తాత చెయ్యి స్టీరింగ్‌కి అతుక్కున్నట్టు ఉండిపోయింది. అమ్మమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. తర్వాత వేలు మిగతావాళ్ళకీ ఆగింది. ఆ తర్వాత ఒకరోజు సైరన్ మోగితే, తాత బూట్లు చేత్తో పట్టుకుని మా ఇంటి షెడ్డులో అలాగే నిలబడిపోయాడు. ఎవరో చెత్త తగలబెడుతుంటే మోగిన సైరన్ అది. ఇంజన్ తాత లేకుండానే వెళ్ళొచ్చింది. నేను వెళ్ళి చూస్తే ఆయన చేతుల్లో బూట్లు వణుకుతున్నాయి.

"కాలు పట్టేసింది" అన్నాడు నన్ను చూసి.

"బూట్లు చేతిలో ఉంటే కాలెలా పట్టేస్తుంది తాతా?"

"నోర్ముయ్."

సాయంత్రం అమ్మమ్మ టీ కప్పు ఆయన ముందు పెట్టి నిలబడింది.

"ఆల్బీ, గురువారం నీకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను."

"పళ్ళకా?"

"పళ్ళు కట్టుడువేగా! కౌన్సెలర్ దగ్గరికి. మాట్లాడ్డానికి."

"నేను నీతో మాట్లాడుతున్నాగా."

"నువ్వు నాతో ఎప్పుడు మాట్లాడావు? ఉప్పు ఇటివ్వు అన్నావు పోయిన మంగళవారం."

తాతకి కౌన్సెలర్‌తో పేచీ లేదు. పేచీ అంతా తలుపుతో. మా ఊరి హెల్త్ సెంటర్ నడిబజారులో, బేకరీ పక్కన. కౌన్సెలర్ గదికి విడిగా ఒక తలుపు, దానికి ఎవరో మంచి ఉద్దేశంతోనే ఊదారంగు వేశారు. ఊరికి రెండో చివర నిలబడ్డా కనిపిస్తుంది. మా ఊళ్ళో ఎవరి బండి ఎక్కడ ఆగిందన్నదే వార్త. పైగా తాత బండి వెనక ఎప్పుడూ బిస్కెట్ అని మా కుక్క కూర్చునుంటుంది. ఆ తలుపు ముందు బిస్కెట్ కనబడితే చాలు, చీకటి పడేలోపు మా వరండాలో ఊళ్ళోవాళ్ళు తెచ్చిపెట్టే కూరగిన్నెలు బారులు తీరతాయి, ఇంట్లో ఎవరో పోయినట్టు.

తాత రెండు రోజులు ఆలోచించి ఉపాయం కనిపెట్టాడు. హెల్త్ సెంటర్‌కి వెనక గుమ్మం ఉంది. అది పబ్ పెరట్లోకి తెరుచుకుంటుంది. బండి పబ్ వెనక పెట్టి, బీరు పీపాల మధ్య నుంచి నడిచి వెనక గుమ్మంలో దూరితే ఎవరికీ తెలియదు.

"బండి పబ్ దగ్గరుంటే ఏమనుకుంటారు?" అంది అమ్మమ్మ.

"పబ్‌లో ఉన్నాననుకుంటారు. మగాడు పబ్‌లో ఉంటే తప్పేముంది?"

"ఇంత తెలివి పెట్టుకుని ఇన్నేళ్ళు కెప్టెన్‌గా ఎలా ఉన్నావో!"

అయినా ఎవరికీ చెప్పనని అమ్మమ్మ చేత మాట తీసుకున్నాడు. నా చేత కూడా. పబ్ నడిపే గ్లెనిస్ చేత కూడా తీసుకోక తప్పలేదు, పెరడు ఆవిడది కాబట్టి.

డ్రైవర్ని నేను. అప్పుడే డ్రైవింగ్ నేర్చుకుంటున్నాను. బండికి ముందూ వెనకా పసుప్పచ్చ బోర్డు, పక్కన లైసెన్సున్న పెద్దమనిషి ఉండాలి. ఆ పెద్దమనిషి తాత. వెళ్ళేటప్పుడు గేర్లు, బ్రేకులు తప్ప ఇంకేం మాట్లాడేవాడు కాదు.

కౌన్సెలర్ పేరు రొవీనా. మా అమ్మకన్నా చిన్నది. బూట్లు గుమ్మం దగ్గర విడిచి సాక్సులతో కూర్చుంటుందట. మొదటి గురువారం తాత బయటికొచ్చినప్పుడు మొహంలో ఏదో గెలిచిన కళ కనబడింది.

"ఏమైంది తాతా?"

"ఆ పిల్ల మాట్లాడకుండా కూర్చుంది. నేను మాట్లాడతానని చూసింది. నేనూ మాట్లాడలేదు. గంటసేపు. చివరికి తనే ముందు నోరు తెరిచింది."

"ఏమంది?"

"టైమైపోయింది అంది."

రెండో వారం కూడా ఆయనే గెలిచాడు. మూడో వారం ఓడిపోయాడు. ఎలా ఓడావని అడిగితే, "గొర్రెల పెంపకం గురించి అడిగింది పిల్లా. ఏమీ తెలియదు పాపం. తెలియని మనిషికి చెప్పకుండా ఎలా ఉంటాం?" అన్నాడు. గొర్రెలకి మేతెలా వెయ్యాలన్న దగ్గర మొదలుపెట్టి ఆ మంటల మర్నాటి పొద్దుటి దాకా తనకు తెలియకుండానే వెళ్ళిపోయాడట. అక్కడ ఆగి, "చేయాల్సింది చేశాను" అన్నాడట. "ఏం చేశారు?" అని రొవీనా మెల్లగా అడిగింది. "చేయాల్సింది" అన్నాడు మళ్ళీ. ఆవిడ మళ్ళీ అదే అడిగింది. ఆ రోజు దారి పొడుగునా ఆవిడని తిట్టాడు. తిట్టినంతసేపూ నా గేర్లని మర్చిపోయాడు కాబట్టి నాకు హాయిగా ఉంది.

కళ్ళు రోడ్డు మీద పెట్టుకుని పక్కపక్కన కూర్చుంటే ఆయనకి మాట తేలిగ్గా వస్తుందని నేను కనిపెట్టాను. అందుకే కావాలని నిదానంగా నడిపేదాన్ని. ఒక వారం సైరన్ మోగినప్పుడు చేతులెలా ఉంటాయో చెప్పాడు. ఇంకో వారం వణుకు వచ్చినప్పుడు కాళ్ళు నేలకి గట్టిగా ఆనించి చుట్టూ కనిపించేవాటి పేర్లు మనసులో అనుకోమని రొవీనా చెప్పిందన్నాడు. "కంచె, బక్కెట్, బిస్కెట్, టీగన్ మొండిమొహం" అని నా ఎదుటే సాధన చేశాడు. టీగన్ అంటే నేనే. నా మొహం సంగతి పక్కన పెడితే, ఆ తర్వాత సైరన్ మోగినప్పుడు బూట్లు తొడుక్కోగలిగాడు.

తిరిగొచ్చేటప్పుడు గ్లెనిస్ పెరట్లోనే ఎదురయ్యేది.

"నా పెరడు దారిలా వాడుకుంటున్నావు, ఏదైనా కొనవేం ఆల్బీ?"

"అల్లం సోడా ఇవ్వు."

ఆ సోడా అచ్చం బీరు సీసాలాంటి గోధుమరంగు సీసాలో వస్తుంది. తాత దాన్ని పక్కసీట్లో కూర్చుని బజారు మీదుగా తాగుతూ వచ్చేవాడు. ఇక ఊరికి ఏం కావాలి? ప్రతి గురువారం మధ్యాహ్నం పబ్ వెనక బండి, చేతిలో సీసా, స్టీరింగ్ ముందు మనవరాలు. పైగా వేలు లేపడం లేదు. ఆల్బీ స్కీన్ తాగుడులో పడ్డాడని ఊరంతా తేల్చేసింది. బేకరీ ఆవిడ నన్ను చూసినప్పుడల్లా కళ్ళు తడిచేసుకుని కొబ్బరి అద్దిన లామింగ్టన్ కేకులు ఊరికే ఇచ్చేది. "నువ్వు ధైర్యంగా ఉండమ్మా" అనేది. తాగుబోతు మనవరాలిగా నేను చాలా కేకులు తిన్నాను. ఇచ్చిన మాట మీద నిలబడాలి కదా!

చలికాలం మొదట్లో దళం పెద్ద మీటింగు వస్తుంది. కెప్టెన్‌ని ఎన్నుకునేది అప్పుడే. దానికి వారం ముందు లెస్ మా ఇంటికొచ్చాడు. మంటల తర్వాత మా గుమ్మం ఎక్కడం అదే మొదలు. టోపీ చేతుల్లో తిప్పుతూ వంటగదిలో కూర్చున్నాడు.

"టీ తాగుతావా లెస్?" అంది అమ్మమ్మ.

"వద్దు ఐలీన్."

మా ఇంట్లో లెస్ టీ వద్దన్నాడంటే ఏదో జరగబోతోందన్నమాట.

"మీటింగు ఉంది కదా ఆల్బీ."

"ఏటా ఉండేదేగా."

"కుర్రాళ్ళు ఏదో అనుకుంటున్నారు. మంట దగ్గర కెప్టెన్ నిలకడగా ఉండాలి అని."

"నిలకడగానే ఉన్నాగా."

"గురువారాల సంగతి ఊరందరికీ తెలుసు." లెస్ టోపీ ఆపాడు. "నీ అంతట నువ్వే తప్పుకుంటే మర్యాదగా ఉంటుంది. వయసైందని చెబుదాం. ఎవరూ ఏమీ అడగరు. లేదంటే నేనే లేచి చెప్పాల్సొస్తుంది. అది నాచేత చేయించకు."

అమ్మమ్మ నోరు తెరిచింది. తాత ఆవిడ వంక చూశాడు. ఆవిడ నోరు మూసుకుంది. మా అమ్మమ్మ నోరు మూసుకోగా చూడటం నాకు అదే మొదటిసారి.

"ఆలోచిస్తాలే" అన్నాడు తాత.

లెస్ బండి గేటు దాటగానే అమ్మమ్మ విరుచుకుపడింది. "ఒక్క ముక్క చెబితే పోయేదానికి!"

"తాగుబోతన్నాడు, అంతేగా. మా నాన్నా తాగుబోతే. ఊళ్ళోవాళ్ళే మోసుకొచ్చి గుమ్మంలో పడుకోబెట్టి వెళ్ళేవాళ్ళు. పొద్దున్నే ఎవరూ ఏమీ ఎరగనట్టు పలకరించేవాళ్ళు. తాగుడుకి ఈ ఊళ్ళో ఒక పద్ధతుంది ఐలీన్. దీనికి లేదు."

"ఇంజన్ దిగిపోతావా మరి?" అన్నాను నేను.

ఆయన కిటికీలోంచి షెడ్డు వైపు చూస్తూ ఉండిపోయాడు. షెడ్డు గోడకి మేకుంటుంది, దానికి ఆయన దళం పసుప్పచ్చ కోటు వేలాడుతుంటుంది. చాలా ఏళ్ళుగా ఆ మేకుకి వేరే ఏదీ తగిలించనివ్వలేదు. ఆ కోటు దింపేస్తే ఈయనలో మిగిలేదేమిటని నాకు మొదటిసారి భయమేసింది.

తర్వాతి గురువారం తాత హెల్త్ సెంటర్ నుంచి ఆలస్యంగా వచ్చాడు. అల్లం సోడా కొనలేదు. ఊరు దాటాక, "పక్కకి ఆపు" అన్నాడు. నేనేదో తప్పు చేశాననుకుని ఆపాను.

"లెస్ మందలో ఒక ముసలి గొర్రె ఉండేది" అన్నాడు రోడ్డు వంక చూస్తూ. "ఎడమ చెవి చిరిగింది. తల్లి చచ్చిపోతే మీ అమ్మమ్మ సీసాతో పాలు పట్టి పెంచి మళ్ళీ వాళ్ళకిచ్చింది. ఆ రోజు మిగతావి కదల్లేదు పిల్లా. నిలబడి చూశాయంతే. అది మాత్రం కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చింది. నేనొస్తే మేత వస్తుందని దానికి అలవాటు."

రొవీనా అయితే ఏం చేస్తుందో గుర్తొచ్చి ఊరుకున్నాను. బిస్కెట్ వెనక నుంచి అద్దాన్ని గీకింది.

"ఇవాళ చెప్పాను ఆ పిల్లకి" అన్నాడు తాత. "'చేయాల్సింది' అనకుండా, ఏం చేశానో చెప్పాను."

"ఆవిడేమంది?"

"లెస్‌కి ఈ సంగతి తెలుసా అని అడిగింది. వాడికెందుకు, గొర్రెలు వాడివి, ఏడవాల్సింది వాడు, నేను కాదు అన్నాను. లెస్ ఏమనుకుంటున్నాడో మీకెలా తెలుసు అంది. తెలియదన్నాను. సరిగ్గా అప్పుడే టైమైపోయింది. ఎక్కడ ఆపాలో ఆ పిల్లకి బాగా తెలుసు." చేతి రుమాలుతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. "పోనీ. ఈసారి క్లచ్ నెమ్మదిగా వదులు."

మీటింగు ఫైర్ ఇంజన్ షెడ్డులో జరిగింది. చోటు కోసం ఇంజన్‌ని బయట పెట్టారు. మీటింగయ్యాక సాసేజీలు పెడతారు కాబట్టే జనం వస్తారు. తలుపు దగ్గర పెనం మీద ఉల్లిపాయలు వేయించే పని నాది. ఈసారి పక్క ఊరివాళ్ళు కూడా వచ్చారు. వాళ్ళు వచ్చింది సాసేజీల కోసం కాదని తెలుస్తూనే ఉంది.

కెప్టెన్ పదవికి పేర్లు చెప్పమన్నారు. దళంలో వైర్‌లెస్ చూసే గ్లెనిస్ వెంటనే, "ఆల్బీ స్కీన్" అంది. ఎవరూ బలపరచలేదు. లెస్ లేచాడు. నేలకేసి చూస్తున్నాడు.

"కూర్చో లెస్" అన్నాడు తాత. "నేను చెబుతా."

టోపీ తీసి కుర్చీ మీద పెట్టాడు. కాళ్ళు నేలకి ఆనించడం నాకు కనిపించింది. పెదాలు కదిలాయి. కంచె, బక్కెట్ అనుకుంటున్నాడేమో.

"గురువారాలు నా బండి పబ్ వెనక ఉంటుంది. నేను పబ్‌లో ఉండను. పీపాల మధ్య నుంచి నడిచి ఆ ఊదారంగు తలుపు గదిలోకి వెనక నుంచి వెళ్తాను. మాట్లాడ్డానికి. బండి ఆ తలుపు ముందు పెట్టడానికి సిగ్గేసి పబ్ వెనక పెట్టాను. అది తెలివైన పని కాదని ఐలీన్ అప్పుడే చెప్పింది."

"రెండుసార్లు చెప్పాను!" అంది అమ్మమ్మ రొట్టెలు కోస్తూ.

"సైరన్ మోగితే చేతులు వణికేవి. ఇప్పుడు తగ్గింది. పూర్తిగా పోలేదు. ఆ చేతులతో వద్దనుకుంటే లెస్‌ని పెట్టుకోండి, మంచోడు. కానీ తాగుబోతని మాత్రం తీసెయ్యకండి. ఆ సీసాలో ఉండేది అల్లం సోడా."

"అదీ సగమే తాగుతాడు" అంది గ్లెనిస్, ఇన్నాళ్ళూ బిగబట్టుకున్న మనిషిలా.

ఎవరో నవ్వి ఆపేశారు. లెస్ ఇంకా నిలబడే ఉన్నాడు.

"దేని గురించి మాట్లాడ్డానికి?" అన్నాడు.

"గొర్రెల గురించి."

"ఏ గొర్రెలు?"

"నీవే."

లెస్ మొహం ఎర్రబడింది. "నువ్వు నాకు వేలు లేపడం మానేశావు. తుపాకీ పట్టుకోలేనివాడు వీడేం మనిషి అని అనుకుంటున్నావనుకున్నా. అందుకే మీ ఇంటికి రావడం మానేశా."

"నీ మందని చంపినోణ్ణి, నీకు వేలెలా లేపమంటావురా?"

"చంపమన్నది నేను కదరా!"

లెస్ గొంతు తగ్గింది. "చెవి చిరిగిన ముసల్ది?"

"నా దగ్గరికే వచ్చింది" అన్నాడు తాత.

లెస్ కూర్చుండిపోయి మొహం టోపీలో పెట్టుకున్నాడు. తాత వెళ్ళి పక్క కుర్చీలో కూర్చున్నాడు. భుజం మీద చెయ్యి వెయ్యడం లాంటివి మావాళ్ళకి రావు. కుర్చీ కొంచెం దగ్గరికి జరిపాడంతే. అప్పుడు వెనక నుంచి అమ్మమ్మ కేక, "ఉల్లిపాయలు మాడుతున్నాయే పిల్లా!" నిజంగానే బొగ్గయిపోయాయి.

కాసేపటికి లెస్ తలెత్తాడు. "నేను బలపరుస్తున్నా" అన్నాడు. "ఆల్బీయే కెప్టెన్. చేతులు వణికితే నాకు చెప్పాలి, పక్కనే ఉంటాను. ఇంకోటి. ఇకమీదట మంటల తర్వాత తుపాకీ పనికి ఒక్కడే వెళ్ళకూడదు. ఇద్దరు వెళ్ళాలి. రాసుకో గ్లెనిస్."

ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. వెనక వరసలో ఎవడో కొంటెగా చూపుడువేలు ఒక్కటే లేపాడు. తర్వాత చూస్తే అందరివీ వేళ్ళే. తాత తల వంచుకుని టోపీ దులుపుకున్నాడు, దుమ్మేమీ లేకపోయినా. మాడిన ఉల్లిపాయలతోనే అందరూ సాసేజీలు తిన్నారు. ఒక్కరూ వంక పెట్టలేదు.

ఆ గురువారం బండిని ఊదారంగు తలుపు ముందే పెట్టమన్నాడు తాత. నేను రివర్స్ చేస్తూ చెత్తడబ్బాని గుద్దాను. చూడనివాళ్ళెవరైనా ఉంటే ఆ చప్పుడుకి వాళ్ళూ చూశారు. బిస్కెట్ బజారుకేసి తిరిగి దర్జాగా కూర్చుంది. సాయంత్రానికి వరండాలో కూరగిన్నెలు అనుకున్నట్టే బారులు తీరాయి. "ఎవరు పోయారని ఇవన్నీ?" అని అమ్మమ్మ సణిగింది గానీ, తర్వాత చాలా రోజులు వంట చెయ్యలేదు. నాకు లామింగ్టన్లు మాత్రం ఆగిపోయాయి. తాత బాగుపడ్డం వల్ల నష్టపోయింది నేనొక్కదాన్నే.

ఈమధ్య గ్లెనిస్ గొణుగుతోంది. "నా పెరట్లో బళ్ళు పెరిగాయి, లోపల బీరు తాగేవాళ్ళు మాత్రం పెరగలేదు." ఎవరివని అడిగితే, మాట ఇచ్చానంటుంది.

పోయిన గురువారం మేము తిరిగొస్తుంటే పబ్ పక్క సందులోంచి ఒక బండి మెల్లగా బయటికొచ్చింది. లెస్‌ది. ఒళ్ళో గోధుమరంగు సీసా. మమ్మల్ని చూసి దొంగలా బిగుసుకుపోయాడు. తాత పక్కసీట్లో ఉన్నాడు, ముందు స్టీరింగ్ లేదు. అయినా మోకాలి మీద నుంచి చూపుడువేలు లేపాడు. ఒక క్షణం ఆగి లెస్ వేలూ లేచింది.

నేను తాత మొహం చూద్దామని పక్కకి తిరిగాను.

"రోడ్డు చూడవే" అన్నాడు తాత.